పడవ మీద మూడక్షరాలు

తడిగా ఉన్నంతసేపూ ఏ పడవైనా కొత్తదే. బకెట్టుతో నీళ్లు కుమ్మరించిన ఆ కాసేపూ నీలం నీలంగా నిగనిగలాడుతుంది. యజమాని వస్తున్నాడని తెలిస్తే ఈ యార్డులో చేసే మొదటి మోసం అదే. మేస్త్రి పైపు పట్టుకుని పక్కలన్నీ తడిపేసి, చూశారా సార్ ఎలా తేలిందో అంటాడు, ఆయన తలూపుతాడు, ఆయన కారు గేటు దాటేలోపు ఎండ ఆ నీళ్లు తాగేస్తుంది, మళ్లీ అదే పాలిపోయిన మొహం, సున్నం కొట్టినట్టు. అరచెయ్యి ఆనించి లాగితే తెల్లటి పొడి అంటుకుంటుంది. దుమ్మనుకుంటారు కొందరు, కడిగితే పోతుందనుకుంటారు. ఎండకీ ఉప్పుగాలికీ చచ్చిపోయి రాలుతున్న రంగది, దాన్ని రుద్ది తీసేస్తే తప్ప కింద బతికున్న రంగు బయటికి రాదు. నేను తడిపి చూపించే రకాన్ని కాదు, రుద్దే రకాన్ని, అందుకే మేస్త్రికి నేనంటే గౌరవమూ విసుగూ రెండూ. ఇవాళ మధ్యాహ్నం పోటు నీళ్లు వచ్చేసరికి ఈ పడవ దిగిపోవాలి. క్రేను బెల్టులు అప్పుడే తెచ్చి పక్కన పడేశారు. ఎడమ పక్క నిన్ననే అయిపోయింది. కుడి పక్క ముక్కు దగ్గర బారెడు మేర మిగిలింది, నా పేరు ఉన్నది ఆ బారెడులోనే.

మూడక్షరాలు. అంటించిన అక్షరాలు ఇప్పుడు లేవు, వాటిని సరంగు ఎప్పుడో పీకేశాడు. నేను సంచి సర్దుకుని ఆ ఇంట్లోంచి వచ్చేసిన మర్నాడే కూరలు కోసే చాకు పట్టుకెళ్లి గీకి గీకి పీకాడట, అలా ఒంటికాలి మీద లేస్తుంటే రేవు రేవంతా నిలబడి చూసిందని మేస్త్రే చెప్పాడు. పడవ నడిపేవాడు కాబట్టి అతన్ని అందరూ సరంగు అంటారు, మొగుడు అనడం మానేశాక నేనూ అలాగే అంటున్నాను, నోటికి తేలిగ్గా ఉంది. పీకగలిగాడు కానీ పోగొట్టలేకపోయాడు. అన్నేళ్లు ఆ స్టిక్కరు కింద ఎండ తగల్లేదు కదా, చుట్టూ ఉన్నదంతా వెలిసి తెల్లబడితే ఆ మూడు ఆకారాలు మాత్రం పడవ కొన్న రోజు నీలంలోనే ఉండిపోయాయి. పొద్దున ఏటవాలు వెలుతురు పడిందంటే అవతలి ఒడ్డు నుంచి కూడా చదవొచ్చు. కిరసనాయిలు పెట్టి తుడిచాడట, ఇంకా మెరిసింది. మైనం పూశాడట, అప్పుడైతే నిన్ననే రాయించినట్టు లేచి కూర్చుంది. ఈ సంగతి విన్న రోజు గిన్నెలు తోముకుంటూ ఒక్కదాన్నే నవ్వాను, ఎంత నవ్వానంటే పక్కింటావిడ తలుపు కొట్టింది. నాకు సంతోషంగా ఉండేది, ఇందులో దాచేదేముంది. రోజూ పొద్దునా సాయంత్రమూ నా పేరు ముందు పెట్టుకుని నీళ్ల మీద ఊరేగాడు మహానుభావుడు. నన్ను ఇంట్లో ఉంచుకోలేనివాడు నా పేరు నెత్తిన పెట్టుకుని తిరిగాడు.

ఇప్పుడు దాన్ని నేనే తీసేస్తున్నాను, నా చేత్తోనే. పైగా ఈ పనిలో ఒక వెటకారం ఉంది. పేరు పోవాలంటే పేరును రుద్దకూడదు. కొత్తగా పనికి వచ్చినవాళ్లందరూ చేసే తప్పదే, మచ్చ కనబడితే మచ్చ మీద పడతారు, అక్కడ గుంట పడుతుంది, రంగు పొర చిరిగి కింద ఫైబరు పీచు పసుపుగా బయటపడుతుంది, ఇక ఆ పడవ జన్మలో దాన్ని దాచుకోలేదు. ఈ రంగు పొర గోరంత మందం కూడా ఉండదు. రుద్దాల్సింది చుట్టూ. వెలిసిపోయిన భాగమంతా నెమ్మదిగా, నీళ్లు చిలకరించుకుంటూ, ముందు గరుకు కాగితం, తర్వాత కాస్త నునుపుది, తర్వాత ఇంకా నునుపుది, అలా దిగుతూ దిగుతూ పోతే చచ్చిన రంగు పాలలా కారిపోయి, చుట్టూ ఉన్నదంతా ఆ అక్షరాల నీలంలోకి వస్తుంది. అంతా మళ్లీ మొదటి రోజులా అయితేనే నా పేరు కనబడకుండా పోతుంది. నిన్న ఎడమ పక్క చేస్తున్నప్పుడు ఈ ఆలోచన వచ్చి చేతిలో కాగితం జారిపోయింది. మా సంసారం మొదటి రోజులా ఉన్నప్పుడు నా పేరు పడవ మీద రాయమని నేనెప్పుడు అడిగాను, అతనే రాయించాడు, అప్పుడు దాని అవసరమే లేదు.

కుడి చెయ్యి బుజం దగ్గర పట్టేసింది. కాలి కింద పలక కాస్త ఊగుతోంది, దీనికి చెక్కముక్క పెట్టమని పొద్దున్నుంచీ చెబుతున్నాను, ఎవరికి పట్టింది. మొదటి అక్షరం పోయింది. పోయిందనేది కూడా తప్పు, కలిసిపోయింది. పక్క నుంచి తల వాల్చి చూస్తే ఇంకా అంచు ఉంది, స్టిక్కరు మందమంత మెట్టు, వేలి కొనకే తెలిసేది. వేలికి తెలిసిందంటే ఎండకీ తెలుస్తుంది, ఏడాది తిరిగేసరికి మళ్లీ కనబడుతుంది. ఇంకోసారి నునుపు కాగితం. నీళ్లు. ఫోనులో అది అన్న మాట కూడా ఇదే, నా కూతురు, పోయిన వారం, ఎప్పటిలా ఏం తిన్నావ్ ఎలా ఉన్నావ్ ఏమీ లేకుండా, "అమ్మా, ముక్కు దగ్గర బాగా సాపుగా రావాలి. వేలు పెడితే గరుకు తగలకూడదు. అక్షరాలు కోసే ఆయనకి చెప్పేశాను, దిగే రోజు నేనే తెచ్చి అంటిస్తా." అంతే, పెట్టేసింది. సరంగుకి కళ్లు మసకబారాయి, పడవ ఇక దానిదే, లైసెన్సు కూడా వచ్చింది, ఇంత చిన్న పిల్ల పడవేం నడుపుతుందని నవ్విన రేవులోనే అది నడుపుతుంది. నాకు ఆ మాట ఒక్కటే చెవిలో ఉండిపోయింది. అక్షరాలు. ఎన్ని అక్షరాలు? అడగలేదు. అడిగితే చెప్పేదే. నోటిదాకా వచ్చింది, కానీ ఆశపడి అడిగినదాన్ని అవుతానని ఊరుకున్నాను.

నావి మూడు. ఆవిడవి నాలుగు. ఆవిడంటే సరంగు ఇప్పటి భార్య, రేవులో టికెట్లు ఇచ్చే గదిలో కూర్చునేది, ఇప్పటికీ కూర్చుంటోంది. చెడ్డ మనిషైనా బాగుండేది, తిట్టుకోవడానికి ఓ సుఖం ఉండేది. నా కూతురికి జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది, పెద్దమనిషి అయినప్పుడు నాకు కబురు పంపించి తను పక్క గదిలోకి వెళ్లి కూర్చుంది, ఇదేం మర్యాదో నాకర్థం కాలేదు, మీద పడి జుట్టు పట్టుకుందామంటే కూడా అవకాశం ఇవ్వని మర్యాద. కాబట్టి ఆవిడ పేరు పెట్టొచ్చు. పెంచిన చెయ్యి అంటారు, రోజూ అన్నం పెట్టింది అంటారు, అందరూ మెచ్చుకుంటారు. నిన్న పని అయ్యాక ఎవరూ చూడకుండా జానతో కొలిచాను. నాలుగక్షరాలైతే ముక్కు వంపు దాకా వచ్చేస్తుంది, చూడ్డానికి బాగుండదు, వంపు మీద స్టిక్కరు నిలవదు కూడా, నీటి తాకిడికి చివరి అక్షరం లేచిపోతుంది. మూడైతే సరిగ్గా సరిపోతుంది. ఇలాంటి లెక్కలు వేస్తున్నాను ఈ వయసులో. సిగ్గు లేదా నీకు అని నన్ను నేనే తిట్టుకుని, మళ్లీ ఇంకోసారి కొలిచాను.

మేస్త్రి వచ్చి కింద నిలబడ్డాడు. నాకంటే చిన్నవాడే, అక్కా అంటాడు, పని త్వరగా కావాలంటే ఇంకా మెత్తగా అంటాడు.

"అక్కా, ఈ పక్క అంత సాపు ఎందుకు? ఎలాగూ పైన కొత్తవి అంటిస్తారు. కాస్త మైనం కొట్టేసి దిగిపో."

"అంటించాక కింద మెట్టు కనబడుతుంది."

"ఎవడు చూస్తాడు?"

"నేను చూస్తాను."

"నువ్వు రోజూ రేవుకొచ్చి చూస్తావా ఏంటి?" అన్నాడు నవ్వబోయి, అని, నాలుక్కరుచుకుని, గుర్తొచ్చినట్టుంది ఆ పేరెవరిదో, "పోటు మొదలైంది, అదే చెబుదామని" అని క్రేను వైపు వెళ్లిపోయాడు. జాలిపడితే నాకు ఒళ్లు మండుతుంది. వాడు పాపం జాలి కూడా సరిగ్గా పడలేడు.

రేవుకొచ్చి చూడ్డం. నిజానికి ఆ రేవులో నేను చివరిసారి పడవ కోసం నిలబడ్డ రోజు మా అమ్మ అవతలి ఒడ్డున ఆసుపత్రిలో ఉంది. పొద్దున ఫోను వచ్చింది, వెంటనే రమ్మని. చెప్పులు వేసుకున్నానో లేదో కూడా గుర్తులేదు, పరిగెత్తాను, అతను ఫోను ఎత్తడం లేదు, ఇంజను చప్పుడులో వినబడదు, సరే, రేవుకి వస్తాడుగా అని మెట్ల మీద నిలబడ్డాను. వచ్చింది పడవ. నా పేరు ముందుకి చాచుకుని, తళతళలాడుతూ, అప్పుడింకా నేనే ఏటేటా రుద్దేదాన్ని కదా, రేవులో అంత మెరిసే పడవ ఇంకోటి ఉండేది కాదు. నిండా షికారు జనం, పాటలు, అద్దెకి మాట్లాడుకున్నారు, రేవులో ఆగే పని లేదు వాళ్లకి. నేను చెయ్యి ఊపాను, రెండు చేతులూ ఊపాను, అరిచాను. అతను నన్ను చూశాడు. చూసి, నవ్వి, తనూ చెయ్యి ఊపాడు. నా ముందు నుంచి నా పేరు అలా వెళ్లిపోయింది, వెనక నురగ. రోడ్డు చుట్టూ తిరిగి బస్సులో వెళ్లేసరికి అమ్మ మొహం మీద దుప్పటి కప్పేశారు. సాయంత్రం అన్నాడు, నన్ను చూడ్డానికి వచ్చావనుకున్నానే, ముచ్చటేసింది అని. ముచ్చట. తప్పుగా అనుకున్నాడు, కావాలని చేసింది కాదు, అందరూ అదే అన్నారు, మా తమ్ముడు కూడా అదే అన్నాడు. కావాలని చేసుంటే క్షమించేదాన్నేమో. నా మొహంలో భయం కనబడలేదా నీకు, ఇన్నేళ్లు పక్కన పడుకున్నవాడివి, నా చేతులు ఎందుకు ఊగుతున్నాయో తెలియలేదా, అని అడిగాను, అడుగుతూనే ఉన్నాను, నెలల తరబడి అడిగాను. నోరు మహా చెడ్డది నాది, అది అందరికీ తెలుసు. అతను చీరలు తెచ్చాడు, సినిమాకి తీసుకెళ్లాడు, పదిహేను రోజులు ఇల్లు మెరిసేది, మళ్లీ ఏదో మాటకి అరచెయ్యి తగిలితే పొడి రాలేది. ఎప్పుడూ పైన పూసేవాడే, ఒక్కసారి కూర్చుని రుద్దినవాడు కాదు.

రెండో అక్షరం కూడా కలిసింది. ఇప్పుడు పాలిష్ మిషను. ఉన్ని చక్రానికి మందు ముద్ద అద్ది, ఆనించీ ఆనించనట్టు, ఒకచోట ఆపకూడదు, ఆపితే కాలుతుంది, తిప్పుతూనే ఉండాలి, చెవుల్లో హోరు, ముక్కులో కాలిన వాసన కాదు కదా అని భయం, కాదు, మందు వాసనే. గుడ్డతో తుడిస్తే నా మొహం కనబడింది అందులో. జుట్టు మీద తెల్లటి పొడి, కనుబొమల మీద పొడి, మొహమంతా ఈ పడవ మీద నుంచి ఊడిన రంగే. విడిపోయిన రోజు పెద్దలు కూర్చోబెట్టి పిల్లని అడిగారు, ఎవరి దగ్గరుంటావమ్మా అని. అది ఇద్దరి మొహాలూ చూడలేదు. పడవ ఎక్కడుంటే అక్కడ అంది. అందరూ నవ్వేశారు, పసిపిల్ల అని. నాకు మాత్రం లాగి లెంపకాయ కొట్టినట్టయింది. నాకంటే పడవ నయమైందా నీకు, అనుకున్నాను అప్పుడు. తర్వాత నన్ను నేను ఓదార్చుకున్నాను, పడవ మీద నా పేరుంది కదా, అది ఎంచుకున్నది నన్నే అని. ఇలాంటివి అల్లుకుని బతికాను ఇన్నాళ్లూ, ఎవరికి చెప్పినా నవ్విపోతారు.

మూడో అక్షరం మిగిలింది. చివరిది, కింద తోక ఉన్నది. దూరంగా షెడ్డు అవతల నీళ్లు మెట్టు మెట్టు ఎక్కుతున్నాయి, క్రేను మనిషి బీడీ పారేశాడు. ఇక్కడితో ఆపేస్తే ఏమవుతుంది? మైనం కొట్టి దిగిపోతే ఎవరికీ తెలియదు, ఆవిడ పేరే పైన పడినా, ఎండలు తగిలాక, స్టిక్కరు పాతబడ్డాక, దాని అడుగు నుంచి నా తోక బయటికి వస్తుంది. వచ్చి కూర్చుంటుంది. చెయ్యి ఆగిపోయింది కూడా. అప్పుడు అనిపించింది, లేదు, నా కూతురు నా పేరే తెస్తుంది. ఇంత సాపు అడిగింది అందుకే, పాత మచ్చ మీద కాకుండా, శుభ్రంగా, కొత్తగా, అమ్మ పేరు అని. లేకపోతే నాకెందుకు అప్పజెబుతుంది ఈ పని, రేవులో ఇంకెవరూ లేరా. నాకు కావాలి. ఎందుకు అబద్ధం, నాకు నా పేరు ఆ పడవ మీద కావాలి, సరంగు కోసం కాదు, ఆవిడ మీద గెలవడానికి కూడా కాదు, నా కూతురు పొద్దున్నే తాళ్లు విప్పి ఇంజను తిప్పేటప్పుడు దాని ముందు నేనుండాలి. నీళ్లు చిలకరించి మొదలుపెట్టాను, చుట్టూ, చుట్టూ, తోక చుట్టూ, ఎప్పుడూ ఏ పడవకీ చేయనంత బాగా చేశాను. వేలు పెట్టి చూశాను. కళ్లు మూసుకుని మళ్లీ పెట్టాను. ఏమీ తగల్లేదు.

"అమ్మా."

వచ్చేసింది. చంకలో కాగితం చుట్ట. ఎండకి నల్లబడింది, బాగా చిక్కింది, మా అమ్మ మోచేతులు దీనివి. "నాన్న వ్యానులోనే ఉన్నారు, మోకాళ్ల నొప్పులు" అంది, నేను అడక్కముందే. పలక మీదికి ఎక్కి నా పక్కన నిలబడింది, పడవ వైపు చూసింది. చెయ్యి ఆనించి పొడుగ్గా లాగింది, అరచెయ్యి తిప్పి చూసుకుంది.

"అబ్బ, ఏం చేశావమ్మా. కొత్తదానిలా ఉంది."

"నువ్వే కదా సాపుగా రావాలన్నావు. ఏదీ, విప్పు చూద్దాం."

అది చుట్ట విప్పింది. తెల్ల అక్షరాలు. రెండు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత అంకెలు. చుట్ట ఇంకా ఉందేమో అని చూశాను. లేదు, అదే రెండో పక్కకి ఇంకో ప్రతి.

"నంబరు" అన్నాను.

"ఊఁ. పడవ రిజిస్ట్రేషన్ నంబరు. అది చాలు."

"మరి పేరు?"

"పేరేం లేదు." కత్తెర వెతుక్కుంటూ మామూలుగా అంది, కోపం లేదు, అదే భరించలేకపోయాను. "పేర్లు పెట్టి మీరేం బావుకున్నారు చెప్పు? చిన్నప్పటి నుంచి ఆ మచ్చ వెనకాలే కూర్చున్నా నేను. పడవెక్కిన ప్రతివాళ్లూ అడిగేవాళ్లు, ఎవరి పేరు పాపా అది అని. మా అమ్మది అంటే, మరి అమ్మెక్కడ అని. నాన్న అటు తిరిగి నిలబడేవారు. ఆంటీ విననట్టు టికెట్లు లెక్కపెట్టేది. రోజూనమ్మా. నేనే చెప్పాలి, రోజూ. అందుకే పూర్తిగా పోవాలనుకున్నా. నువ్వైతేనే పూర్తిగా తీస్తావని తెలుసు."

నేను గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాను. పొద్దున వెలుతురులో అవతలి ఒడ్డు నుంచి కనబడే పేరు, నేను గిన్నెల దగ్గర నిలబడి నవ్వుకున్న పేరు. సరంగు మోశాడనుకున్నాను. నా నవ్వంతా అతని మీదే అనుకున్నాను. దాని వెనక పీట మీద ఎవరు కూర్చుంటారో నాకు తెలియదా, తెలుసు. క్రేను మనిషి బెల్టులు లాగమంటారా అని అరిచాడు, మేస్త్రి ఆగు ఆగు అన్నాడు.

"తొందరగా కానిద్దాం" అంది నా కూతురు, స్టిక్కరు వెనక కాగితం కొస గోటితో లేపుతూ. "పాత పేరున్న చోటే పెడితే సరిగ్గా మధ్యలో ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది. ఎక్కడమ్మా ఉండేది?"

నేను వంగి చూశాను. తల వాల్చి, పక్క నుంచి, వెలుతురుకి ఎదురుగా చూశాను. అరచెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమాను. అంతా ఒకటే నీలం.

"ఇక్కడే ఎక్కడో" అన్నాను.